ఆ కార్డులో ఇన్ని గడులెందుకు? తొమ్మిది నెలల్లో తల్లిలో, బిడ్డలో ఏం మారుతుంది

ఈ ఎపిసోడ్ మా చిల్లకూరు నుంచే మాట్లాడుతున్నా.

ఫోన్‌లో ప్రెగ్నెన్సీ యాప్ పెట్టుకుంటే వారానికో బొమ్మ వస్తుంది. ఈ వారం బిడ్డ నిమ్మకాయంత ఉంది, వచ్చే వారం ఇంకో కాయంత అవుతుంది అని. చూడ్డానికి బాగుంటుంది. పక్కనే గూడూరు నిమ్మకాయల మార్కెట్ ఉంది కాబట్టి మనకి ఆ లెక్క ఇంకా ఈజీగా ఎక్కుతుంది. కానీ ఆ బొమ్మల్లో ఒక మనిషి కనపడదు. తల్లి.

ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు రాయించుకుంటే తల్లీబిడ్డల రక్షణ కార్డు ఒకటి ఇస్తారు. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, పొట్ట ఎత్తు, బిడ్డ గుండె చప్పుడు... అన్నీ గడులు. చాలా ఇళ్లల్లో అది బీరువాలో చీరల కింద ఉంటుంది. నిజానికి ఆ గడుల్లో ప్రతి ఒక్కటీ శరీరంలో జరిగే ఒక మార్పుని కనిపెట్టడానికి పెట్టిందే. ఈరోజు ఆ గడులు చదవడం నేర్చుకుందాం.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాణ్ణి. మందు, మోతాదు మీ డాక్టరమ్మ చెప్పినట్టే. ఏది ఎందుకు చేస్తున్నారో అర్థం చేయించడం వరకే నా పని.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

ఇక్కడే సగం మంది తికమక పడతారు. గర్భం లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. అండం, వీర్యకణం కలిసేది దాదాపు రెండు వారాల తర్వాత. కాబట్టి నెల తప్పి, టెస్ట్ కిట్‌లో రెండు గీతలు చూసేసరికే నాలుగైదు వారాలు అయిపోయి ఉంటాయి.

కాన్పు తేదీ కట్టడం కూడా సులువే. చివరి నెలసరి మొదటి రోజుకి తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలపండి. జనవరి 10 అయితే అక్టోబర్ 17. సరిగ్గా ఆ రోజే కనేవాళ్లు తక్కువ. 37 వారాలు నిండాయంటే నెలలు నిండినట్టే.

మొదటి మూడు నెలలు: బయటికేమీ కనపడదు

పొట్ట కనపడదు కాబట్టి ఇంకా ఏమీ మొదలవలేదు అనుకుంటాం. అసలు పని అంతా అప్పుడే జరిగిపోతుంటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం ఉంటుంది కదా, అది ఆరో వారానికల్లా మూసుకుపోవాలి. గుండె కొట్టుకోవడం కూడా ఆ దగ్గరలోనే మొదలవుతుంది. పదో వారానికి ముఖ్యమైన అవయవాలన్నిటికీ రూపం వచ్చేస్తుంది. ఆ తర్వాత జరిగేది ఎక్కువగా ఎదగడం, పదును పట్టడం. పన్నెండో వారంలో బిడ్డ తల నుంచి పిరుదుల దాకా ఐదారు సెంటీమీటర్లే.

ఆ గొట్టం సరిగ్గా మూసుకోకపోతే వెన్నుపాము, మెదడు లోపాలు వస్తాయి. దాన్ని చాలా వరకు ఆపేది ఫోలిక్ యాసిడ్. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే, అంటే నెల తప్పక ముందే, ఆ మాత్ర మొదలుపెట్టమంటారు. రెండు గీతలు చూశాక మొదలుపెడితే ఆ గొట్టం మూసుకోవడానికి మిగిలేది ఒకటి రెండు వారాలే.

ఈ మాత్ర వెనక మన దేశం కథ, మన తెలుగాయన కథ రెండూ ఉన్నాయి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి వస్తున్న తీవ్రమైన రక్తహీనతని పరిశీలించింది. ఈస్ట్ సారం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని కనిపెట్టింది. అందులో పనిచేసే పదార్థమే ఫోలేట్ అని తర్వాత తేలింది. దాన్ని 1940ల్లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బు చికిత్సలోనూ ఈ ఫోలిక్ యాసిడే వాడతారు. గర్భానికి ముందు నుంచే ఇది తీసుకుంటే వెన్నుపాము లోపాలు బాగా తగ్గుతాయని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష 1991లో తేల్చింది.

మరి తల్లి సంగతి? వేవిళ్లు, నీరసం, నిద్ర. పని దొంగ అని అత్తగారు అనుకునేది కూడా ఈ నెలల్లోనే. లోపల గుండె అప్పటికే ఎక్కువ రక్తాన్ని తోయడం, కిడ్నీలు ఎక్కువ వడపోయడం మొదలుపెట్టి ఉంటాయి. నడుస్తున్న సర్వర్‌ని ఆపకుండా మొత్తం మార్చేస్తే ఎలా ఉంటుందో అలాంటి పని అది. నీరసం రాకుండా ఎలా ఉంటుంది?

మన ఇళ్లల్లో "మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దు" అంటారు. చుట్టాలకి చెప్పకపోతే మానె. ఆశా అక్కకి, ఏఎన్ఎం గారికి మాత్రం చెప్పాలి. పన్నెండు వారాల లోపు పేరు రాయించుకుంటే మామూలు బీపీ ఎంత, మామూలు బరువు ఎంత అన్నది కార్డులో పడుతుంది. తర్వాత పెరిగిందా తగ్గిందా అనేది ఆ మొదటి అంకెతోనే పోల్చి చూస్తారు.

నాలుగు నుంచి ఏడు నెలలు: రక్తం లెక్క

వేవిళ్లు తగ్గి, ముఖం కళగా ఉండే నెలలివి. పద్దెనిమిది, ఇరవై వారాల మధ్య అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేస్తారు. తొలిచూలు అయితే దాదాపు అప్పుడే బిడ్డ కదలిక మొదటిసారి తెలుస్తుంది. ఇరవయ్యో వారంలో బిడ్డ సుమారు 300 గ్రాములు, ఇరవై ఎనిమిదికి ఒక కిలో. ఇంకో మాట. స్కాన్‌లో ఆడా మగా అని అడగడం, చెప్పడం రెండూ 1994 చట్టం ప్రకారం నేరం.

ఇప్పుడు హిమోగ్లోబిన్ గడి. మామూలుగా ఒక స్త్రీ ఒంట్లో నాలుగు, నాలుగున్నర లీటర్ల రక్తం ఉంటుంది. గర్భంలో అది సగం దాకా పెరుగుతుంది. అయితే అందులో నీటి భాగం ఎక్కువ పెరిగి, ఎర్రకణాలు తక్కువ పెరుగుతాయి. చారులో నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఎక్కువవుతుంది, పల్చబడుతుంది. అదే ఇక్కడ జరిగేది. కాబట్టి హిమోగ్లోబిన్ కొంచెం తగ్గడం సహజం. 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. 7 కంటే తగ్గితే ప్రమాదం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా సగానికి పైనే. మన వీధిలో ఇద్దరు గర్భిణులుంటే ఒకరికి ఉన్నట్టు లెక్క.

రక్తం ఇంతగా ఎందుకు పెరుగుతుంది? ఒకటి, బిడ్డకి అందించడానికి. రెండోది కాన్పు రోజు కోసం. మామూలు కాన్పులో అర లీటరు దాకా రక్తం పోవచ్చు. శరీరం ఆ రోజు కోసం ముందే దాచిపెడుతోంది. నిండుగా దాచుకున్న మనిషి తట్టుకుంటుంది. 7 దగ్గర ఉన్న మనిషికి అదే అర లీటరు ప్రాణం మీదికి వస్తుంది. ఐరన్ మాత్ర ఆ దాపుకోసం.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వాడమంటారు. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మామూలే. టీతో, కాఫీతో, పాలతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్రకీ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. నిమ్మరసం లాంటి సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. ఆ నిమ్మకాయ మనకి కొదవ లేదు కదా.

తర్వాత షుగర్. బిడ్డకి చక్కెర ఎక్కువ అందాలని మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. కొందరి శరీరం సర్దుకుంటుంది, కొందరిది సర్దుకోలేదు. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు ఒకసారి, మళ్లీ 24-28 వారాల మధ్య ఒకసారి గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకు మించి వస్తే గర్భంలో వచ్చే షుగర్. ఖాళీ కడుపుతో రావక్కర్లేని ఈ పద్ధతిని మన దేశంలో ముందుకు తెచ్చినవాళ్లలో ముఖ్యులు చెన్నై డాక్టర్ వి. శేషయ్య గారు. సముద్రం వైపు ఊళ్ల నుంచి ఆటో, బస్సు మారి ఆసుపత్రికి వచ్చే అమ్మాయికి తిని రావచ్చు అనడం ఎంత తేడానో ఆలోచించండి.

"ఇద్దరికి సరిపడా తినాలి" అనే మాట సంగతి కూడా చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం గర్భిణికి రోజుకి అదనంగా కావాల్సింది 350 కేలరీలు. అంటే ఇంకో చిన్న పూట, అంతే. పరిమాణం కంటే పప్పు, గుడ్డు, ఆకుకూర, చిన్న చేపలు ముఖ్యం. మన తీరంలో నెత్తళ్లు మంచివి. సొర చేప విషయంలో మాత్రం జాగ్రత్త. బాలింతలకి పాలు పడతాయని సొర పుట్టు పెట్టడం మనకి అలవాటు. కానీ వేరే చేపల్ని తిని బతికే పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది. అందుకే గర్భిణులు, బాలింతలు సొర తినొద్దని అమెరికా ఆహార సంస్థ చెప్తోంది.

చివరి మూడు నెలలు: బీపీ గడి

బిడ్డ ఇప్పుడు బరువు పెరుగుతుంది. ఒక కిలో నుంచి మూడు కిలోల దగ్గరికి. ఊపిరితిత్తులు విచ్చుకుని ఉండటానికి కావాల్సిన పదార్థం 34-36 వారాలకి గానీ సరిపడా తయారవదు. నెలలు నిండక ముందు పుట్టిన బిడ్డకి ఊపిరి కష్టమయ్యేది అందుకే.

గర్భసంచి మొదట 70 గ్రాములు ఉండేది, చివరికి కిలో దాటుతుంది. ఇరవై వారాలకి బొడ్డు దగ్గరికి, ముప్పై ఆరుకి రొమ్ము ఎముక కిందికి చేరుతుంది. ఏఎన్ఎం గారు టేపు పెట్టి కొలిచేది అదే. 24 వారాలు దాటాక ఎన్ని వారాలో సుమారు అన్ని సెంటీమీటర్లు రావాలి. బాగా తగ్గితే బిడ్డ ఎదగడం లేదేమో అని స్కాన్‌కి పంపుతారు.

ఇక బీపీ. కాళ్లకి కొంచెం వాపు రావడం మామూలే, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది నిజమే. కానీ ఇరవై వారాల తర్వాత బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అది వేరే సంగతి. మాయ తల్లి రక్తనాళాలతో సరిగా కుదురుకోకపోవడం దీని వెనక ఉంటుంది. మొదట్లో నొప్పి ఉండదు, బాగానే ఉన్నాననిపిస్తుంది. బీపీ కట్టు, మూత్రం చుక్క తప్ప కనిపెట్టే దారి లేదు. ముదిరితే ఫిట్స్ వస్తాయి.

ఈ గుర్తులు స్క్రీన్‌షాట్ తీసుకోండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం, రక్తం కనపడటం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, జ్వరం. వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

కాన్పు తర్వాత 42 రోజులు

బిడ్డ ఏడవగానే అందరి కళ్లూ ఉయ్యాల వైపు తిరుగుతాయి. తల్లికి అతి ప్రమాదమైన గంటలు అప్పుడే మొదలవుతాయి. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిపడ్డాక సంచి గట్టిగా ముడుచుకుంటేనే ఆ నాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే నిమిషాల్లో పరిస్థితి చెయ్యి దాటుతుంది. ఆసుపత్రిలో కాన్పు అవ్వగానే ఒక ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే. బిడ్డకి మొదటి గంటలో ముర్రుపాలు పట్టిస్తే ఆ ముడుచుకోవడానికీ సాయం. సంచి మామూలు సైజుకి రావడానికి ఆరు వారాలు పడుతుంది. బీపీ సమస్య కాన్పు తర్వాత కూడా రావొచ్చు.

2018-20 లెక్కల్లో లక్ష మంది బిడ్డలు పుడితే దేశంలో 97 మంది, మన రాష్ట్రంలో 45 మంది, కేరళలో 19 మంది తల్లులు చనిపోయారు. మన 45కీ వాళ్ల 19కీ మధ్య ఉన్నవాళ్లు బతకగలిగినవాళ్లే అని నేనంటాను.

మనం చేయాల్సింది

ఇది భర్తలకి, తమ్ముళ్లకి, మరుదులకి కూడా చెప్తున్నా. కనీసం నాలుగు సార్లు చూపించాలి: 12 వారాల లోపు, 14-26 మధ్య, 28-34 మధ్య, 36 తర్వాత. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టర్ ఉచితంగా చూస్తారు, 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఇది. ఫోన్‌లో ఆ తేదీకి రిమైండర్ పెట్టండి.

సీమంతం అయ్యాక పుట్టింటికి పంపడం మన ఆచారం. పసుపు, గాజులతో పాటు ఆ కార్డు కూడా సంచిలో పెట్టండి. అక్కడి డాక్టర్‌కి మొదటి నెల బీపీ ఎంతో, హిమోగ్లోబిన్ ఎంతో, బ్లడ్ గ్రూప్ ఏంటో చెప్పేది అదొక్కటే. ఫొటోలు తీసి భార్య ఫోన్‌లో, మీ ఫోన్‌లో, మామయ్య ఫోన్‌లో ఉంచండి.

యాప్‌లో కాయల బొమ్మలు చూడండి, తప్పేం లేదు. అది చూసిన ప్రతిసారీ "ఈ నెల నీ బీపీ ఎంత ఉంది?" అని ఆమెని ఒక్క మాట అడగండి.

మీకు తెలిసినవాళ్లలో గర్భిణి ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ ఆమెకి కాదు, ముందు ఆమె భర్తకి పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.