పోపు డబ్బాతో మైక్రోగ్రీన్స్: ఏ గింజ తినొచ్చు, ఏది తినకూడదు?

ఈ ఎపిసోడ్‌లో మైక్రోగ్రీన్స్ గురించి మాట్లాడుకుందాం. దీనికి కిట్ కొనక్కర్లేదు, బాల్కనీ కూడా ఉండక్కర్లేదు. వంటింట్లో పోపు డబ్బా, కర్రీ పాయింట్ నుంచి వచ్చిన ఒక ప్లాస్టిక్ డబ్బా, వెలుతురు పడే కిటికీ ఉంటే చాలు. కాకపోతే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఈ వీడియోలో ఇంకేం గుర్తు లేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ల క్రితం మా అక్క కడుపుతో ఉండి పుట్టింటికి వచ్చింది. ఆకుకూరలు బాగా తినమని డాక్టర్ చెప్పారు. నేనేమో అప్పుడే ఫోన్‌లో మైక్రోగ్రీన్స్ వీడియోలు తెగ చూస్తున్నాను. వెంటనే విత్తనాల షాపుకెళ్లి ముల్లంగి విత్తనాల ప్యాకెట్ తెచ్చి నానబెట్టేశా. కాసేపటికి గిన్నెలో నీళ్లు గులాబీ రంగులోకి మారాయి. ముల్లంగి కదా, రంగు దిగుతుందిలే అనుకున్నా. అమ్మమ్మ చూసి, "ఒరేయ్, అది మందు పట్టించిన గింజరా! నేలలో వేయడానికే గానీ నోట్లో పెట్టుకోవడానికి కాదు" అని గిన్నె లాక్కుంది.

దాన్నే విత్తనశుద్ధి అంటారు. మట్టిలో తెగుళ్లు పట్టకుండా విత్తనానికి ముందే మందు పట్టిస్తారు. మామూలు గింజల్లో కలిసిపోకుండా గుర్తుగా రంగు వేస్తారు. పొలంలో అది మంచి పనే. కానీ మైక్రోగ్రీన్స్ అంటే పది రోజుల మొలక, గింజ పొట్టు కూడా ఆకుకి అంటుకునే ఉంటుంది. ప్యాకెట్ వెనక "ఆహారానికి, దాణాకు, నూనెకు వాడరాదు" అనే హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉంది. నేను చదవలేదు. తప్పు షాపుది కాదు, నాదే.

అందుకే నేను పోపు డబ్బా దగ్గరికి వచ్చా. అందులో ఉన్నవి తినడానికి అమ్మిన గింజలు. మొదటిసారి చేసేవాళ్లు ఆవాలు, మెంతులతో మొదలుపెట్టండి. తర్వాత పెసలు, ధనియాలు. పప్పుగా విరిచినవి, వేయించినవి మొలవవు. పాత గింజలో ఏమో అని డౌట్ ఉంటే, తడి గుడ్డలో ఇరవై గింజలు చుట్టి మూడు రోజులు చూడండి. సగం కూడా మొలవకపోతే ఆ గింజలు పోపుకే వాడుకోండి.

కొన్ని గింజల జోలికి అసలు వెళ్లొద్దు. టమాటా, వంకాయ, మిర్చి కాయలు మనం రోజూ తింటాం గానీ, వాటి లేత మొక్కల్లో విషపదార్థాలు ఉంటాయి. రాజ్మా మొలకలు కూడా పచ్చివి తినకూడదు.

ఇక పని ఎలాగో చూద్దాం. డబ్బా అడుగున ఏడెనిమిది చిల్లులు పెట్టండి. తడిపిన కోకోపీట్ ఒక అంగుళం మందంగా పరవండి. మెంతులు, పెసలు రాత్రి నానబెట్టి పొద్దున చల్లాలి. ఆవాలు నానబెట్టక్కర్లేదు. ధనియాలని చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండుగా విడగొట్టండి, ఎందుకంటే ఒక్కో ధనియంలో రెండు విత్తనాలు ఉంటాయి. చల్లేటప్పుడు నా లెక్క ఇది: గింజ పక్కన గింజ ఉండొచ్చు, గింజ మీద గింజ ఉండకూడదు.

పైన ఇంకో డబ్బా బోర్లించి రెండు మూడు రోజులు చీకట్లో ఉంచండి. మొలకలు మూతని తాకుతున్నాయంటే తీసేసి కిటికీ దగ్గర పెట్టాలి. అప్పుడు లేత పసుపు రంగులో ఉంటాయి, భయపడకండి, ఒక్క రోజు వెలుతురు తగిలితే పచ్చబడతాయి. ఇక్కడి నుంచి నీళ్లు పైనుంచి పోయొద్దు. ఒక పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి, డబ్బాని అందులో పది నిమిషాలు పెట్టి తీసేయండి. కింది నుంచి అదే పీల్చుకుంటుంది. ఆవాలు, మెంతులు వారం పది రోజుల్లో కోతకి వస్తాయి. ధనియాలకి మాత్రం దాదాపు మూడు వారాల ఓపిక కావాలి. కత్తెరతో కోకోపీట్‌కి కొంచెం పైన కత్తిరించండి.

అందరూ కంగారు పడే విషయం ఒకటుంది. మూడో రోజు చూస్తే వేర్ల చుట్టూ తెల్లగా నూగు కనిపిస్తుంది. నా మొదటి ట్రే బూజు పట్టిందనుకుని పారేశా. తీరా అవి వేర్ల నూగు. నీళ్లు స్ప్రే చేసి చూడండి. నూగు అణిగిపోతే అది వేరు. సాలెగూడులా అల్లుకుని, కాడల మీదికి పాకి, ముక్క వాసన వస్తుంటే అది బూజు. బూజైతే ట్రే మొత్తం పారేయాల్సిందే, పైపైన కోసుకుని తినొద్దు. వానాకాలంలో గింజలు పల్చగా చల్లి, పగలు కాసేపు ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

మరి వీటిలో నిజంగా అంత బలం ఉందా? 2012లో అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ, అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 25 రకాల మైక్రోగ్రీన్స్‌ని పరీక్షించారు. చాలావాటిలో ముదురు ఆకుల కన్నా విటమిన్లు ఎక్కువ సాంద్రతతో ఉన్నాయి. అయితే ఆ పోలిక బరువుకి బరువు. మనం తినేది గుప్పెడు. కాబట్టి ఇది తోటకూర పప్పుకి బదులు కాదు, దానికి తోడు.

ఇంకో జాగ్రత్త. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ-కోలై బ్యాక్టీరియా వ్యాపించి యాభై మందికి పైగా చనిపోయారు. మొలకల్ని గింజ, వేరుతో సహా తింటాం. మైక్రోగ్రీన్స్‌ని వేరు వదిలేసి కోస్తాం కాబట్టి ప్రమాదం తక్కువే గానీ, అసలు లేదని కాదు. చేతులు, కత్తెర శుభ్రంగా ఉండాలి, తినే ముందు కడగాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లకి పచ్చిగా కాకుండా ఉడికించి పెట్టడం మంచిది.

ఒకసారి కోస్తే మైక్రోగ్రీన్స్ చాలావరకు మళ్లీ చిగురించవు. ఎప్పుడూ ఇంట్లో పచ్చదనం ఉండాలంటే పక్కన ఒక పుదీనా కుండీ పెట్టుకోండి. మార్కెట్లో కొన్న కట్టలోంచి గట్టి కాడలు నాలుగు తీసి, కింది ఆకులు గిల్లేసి, గ్లాసు నీళ్లలో పెట్టండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం, పది రోజుల్లో వేర్లు వస్తాయి, అప్పుడు మట్టిలోకి మార్చండి. వాము ఆకు అయితే ఇంకా సులువు, కొమ్మ గుచ్చితే చాలు.

ఆ తర్వాత అక్క కోసం పోపు డబ్బాలో మెంతులే వేశా. తొమ్మిదో రోజు అమ్మమ్మే కత్తిరించి కందిపప్పులో వేసి ఉడికించింది. అక్క రెండోసారి వడ్డించమంది. మీరు కూడా ఈ రాత్రి రెండు చెంచాల మెంతులు నానబెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!