రాతిలోని వ్రాత
మనము పలకపై బలపముతో గీచు గీతలవంటి గుర్తులు కొన్ని నల్లని పలకరాళ్ళలో కనబడును. వీనిని గ్రాప్టొలైటులందుము, గ్రీకుభాషలో ‘రాతిమీది వ్రాత’ యని యర్థము. సుమారు 44 కోట్ల యేండ్ల క్రిందట, సైలూరియను సముద్రములలో గుంపులుగా తేలియాడిన చిన్న ప్రాణులు కట్టుకొనిన గూళ్ళే యివి. కాలక్రమమున వాని రూపము వేగముగా మారినది. కావున రూపమును బట్టి పొర వయస్సును మనము తెలిసికొనగలము.

స్కాట్లండులోని మోఫట్ కొండల పొరలు మిక్కిలి మందమైనవని పూర్వులు తలచిరి. గాలాషీల్సున బడిపంతులుగా నుండిన చార్లెసు లాప్‌వర్తు, డాబ్స్ లిన్ లోయలో ఈ గుర్తులను పొరపొరకును పరిశీలించి, అవే పొరలు మడతపడి మరల మరల పైకి వచ్చినవని 1878లో నిరూపించెను. సైలూరియను యుగారంభమునకు నేడు ప్రపంచ ప్రమాణస్థలము ఆ లోయయే. మనము త్రొక్కి పోవు రాతిని ఒక పంతులు వంగి చదివెను.