ఎరెష్కిగల్ లోకం - కోయల స్మారకశిలలు: ఒక తులనాత్మక పరిశీలన

సుమేరియన్లు మృత్యులోకాన్ని 'కుర్' అన్నారు. ఆ పదానికి కొండ అనే అర్థమూ ఉంది. దాని రాణి ఎరెష్కిగల్. బాబిలోనియన్ కథల్లో ఆమె భర్త నెర్గల్. అక్క లోకంలోకి దిగిన ఇనన్న ఏడు ద్వారాల వద్ద ఆభరణాలను, వస్త్రాలను ఒక్కొక్కటిగా కోల్పోయి చివరకు నగ్నంగా నిలుస్తుంది. అనున్నాకీలనే న్యాయనిర్ణేతలు ఉన్నప్పటికీ, మృతుని స్థితిని ప్రధానంగా నిర్ణయించేది మన పౌరాణిక నరకంలోవలె పాపపుణ్యాల లెక్క కాదు. గిల్గమెష్ కావ్యం 12వ ఫలకం ప్రకారం, కుమారులు ఎక్కువగా ఉన్నవాడు అక్కడ సుఖపడతాడు. నీళ్లు వదిలే దిక్కు లేనివాడు కుండల అడుగు గీకి, వీధిలో పారవేసిన ముక్కలు తింటాడు. మృతులకు అన్నపానాలు సమర్పించే కర్మకు అక్కాడియన్‌లో 'కిస్పు' అని పేరు.

మృతుని క్షేమం బతికినవారి చేతిలో ఉండడమనే ఈ భావన భద్రాచలం అడవుల కోయల ఆచారాల్లోనూ కనిపిస్తుంది. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దిలో వాటిని నమోదు చేశాడు; థర్‌స్టన్ 1909లో తన గ్రంథంలో ఆ సమాచారాన్ని వాడుకున్నాడు. మరణం సంభవించగానే ఆవునో ఎద్దునో వధించి, దాని తోకను మృతుని చేతిలో ఉంచేవారు. స్మారకంగా నిలిపిన రాతికి తోక కట్టడమూ ఉంది. దీనిని వైతరణీ గోదానపు అనుకరణగా చదవడం సులభమే, కాని పొసగదు. గోదానంలో ఆవు బ్రాహ్మణునికి చేరుతుంది, ఇక్కడ మృతునికే.

పోలిక ఇంతవరకే. కోయల వేల్పులు వంశాలకు చెందినవి. వాటి చరిత్ర పడిగెలపై చిత్రితమై ఉంటుంది. వాటిలో ఎరెష్కిగల్‌ను వెదకడం, దాని ఆధారంగా సుమేరు-ద్రావిడ బంధుత్వాన్ని ప్రతిపాదించడం పద్ధతి కాదు. జానంపేట ఇనుపయుగపు రాతిసమాధులను నేటి కోయలకు నేరుగా ముడిపెట్టడమూ అంతే తొందరపాటు.

క్రీ.పూ. 7వ శతాబ్దిలో అష్షూర్‌బనిపాల్ ఎలాము రాజుల సమాధులను తవ్వించి, ఎముకలను తరలించి, వారి ప్రేతాలకు కిస్పు అందకుండా చేశానని శాసనంలో చాటుకున్నాడు. అది శత్రువుకు విధించిన శిక్ష. శిక్ష అనే ఉద్దేశం లేకుండానే అటువంటి విచ్ఛేదం జరగవచ్చు. పోలవరం ముంపు కారణంగా 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన మండలాల్లో కూనవరం, చింతూరు, వేలేరుపాడు ఉన్నాయి. అక్కడి ముంపు గ్రామాల కోయలకు ఇల్లు, పొలం మరొకచోట దొరకవచ్చు. పూర్వికుని రాయి మాత్రం పాత ఊరి పొలిమేరలోనిది. క్షేత్ర పరిశోధకులు ముందుగా నమోదు చేయవలసిన వివరాలు రెండు: ఏ రాయి ఎవరిది, ఆ కుటుంబం ఇప్పుడు ఎక్కడుంది.