రసం, తాండ్ర, పేటెంట్: గ్లివెక్ కేసులో అసలు గొడవ ఏంటి?

ఈ ఎపిసోడ్‌లో ఒక క్యాన్సర్ మందు మీద 15 ఏళ్ళు నడిచిన పేటెంట్ తగాదా గురించి చెప్పుకుందాం. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఇందులో ఒక పార్టీ.

మందు పేరు గ్లివెక్, కంపెనీ స్విట్జర్లాండ్ నోవార్టిస్. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కి వాడతారు. దీంట్లో మూడు మెట్లున్నాయి. మొదటిది ఇమాటినిబ్ అనే పదార్థం. దాన్ని ఉప్పు రూపంలోకి మారిస్తే ఇమాటినిబ్ మెసిలేట్. ఆ ఉప్పునే ఒక ప్రత్యేకమైన స్ఫటికంగా చేస్తే బీటా రూపం. 1998లో చెన్నై పేటెంట్ ఆఫీసులో నోవార్టిస్ దరఖాస్తు పెట్టింది ఈ మూడో దానికి.

మన ఉంగుటూరు, నూజివీడు వైపు వాళ్ళకి మామిడితో చెప్తే ఇట్టే తెలిసిపోతుంది. రసం పిండి ఎండబెడితే తాండ్ర. తాండ్ర నిలవుంటుంది, తీసుకెళ్ళడం సులువు. బీటా స్ఫటికం కూడా అంతే, తేమ తక్కువ పీలుస్తుంది, బిళ్ళ చెయ్యడానికి వీలుగా ఉంటుంది. బాగానే ఉంది. కానీ జబ్బు మీద ఎక్కువ పని చేస్తుందా?

2005లో మన పేటెంట్ చట్టంలో మార్చిన సెక్షన్ 3(డి) అడిగేది అదే. తెలిసిన పదార్థానికి కొత్త రూపం తెస్తే, దాని సామర్థ్యం పెరిగిందని చూపించాలి. 2006లో చెన్నై ఆఫీసు దరఖాస్తు కొట్టేసింది. ఆ సెక్షనే చెల్లదని నోవార్టిస్ మద్రాసు హైకోర్టుకి వెళ్తే 2007లో అక్కడా ఓడిపోయింది. చివరికి సుప్రీంకోర్టు.

ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. మెసిలేట్ ఉప్పు పాత పేటెంట్‌లో లేదు, అది కూడా కొత్తదే అని నోవార్టిస్ వాదన. అయితే 2004లో నాట్కో తన వీనాట్ క్యాప్సూల్స్‌ని బ్రిటన్‌లో అమ్ముతోందని, ఆ పాత పేటెంట్‌నే చూపించి ఆపమని నోటీసు పంపింది వీళ్ళే! అక్కడ ఆ పేటెంట్‌లో ఉన్న ఉప్పు ఇక్కడికొచ్చేసరికి ఎలా మాయమైంది? కోర్టు ఈ నోటీసుని పట్టుకుంది. మెసిలేట్ తెలిసిన పదార్థమే అంది.

ఇంక శరీరంలోకి 30 శాతం ఎక్కువ చేరుతుందన్న వాదన. ఆ పోలిక చేసింది మొదటి మెట్టు ఇమాటినిబ్‌తో, దగ్గరి మెసిలేట్‌తో కాదు. పైగా మందు విషయంలో సామర్థ్యం అంటే జబ్బు నయం చేసే సామర్థ్యమే, ఎక్కువ చేరినంత మాత్రాన ఎక్కువ నయమవుతుందని అనుకోలేం, రుజువు కావాలి అన్నారు. 2013 ఏప్రిల్ 1న అప్పీలు కొట్టేశారు.

చిన్న చిన్న మెరుగుదలలకి అసలు పేటెంటే రాదని కొందరు చెప్తుంటారు. తప్పండీ. కోర్టు ఆ తలుపు ముయ్యలేదని తీర్పులోనే రాసింది.

నెలకి లక్ష దాటే గ్లివెక్ పక్కన సుమారు పది వేలకి దొరికే మన కంపెనీల మందు అలాగే నిలబడింది. 2012లో నెక్సావర్ మీద నాట్కోకి దొరికిన లైసెన్సు వేరే కథ, అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.