ఇంటి కంప్యూటరుపై పోయిన అధికారమును మరల పొందు విధము

మన సంఘసభ్యులలో అనేకుల యిండ్లలో ఇప్పుడు కంప్యూటరు గలదు. పంటల జమాఖర్చులు, అప్పుల రసీదులు, పొలము కాగితముల నకళ్లు, పిల్లల సర్టిఫికేట్లు దానియందే భద్రపరచుకొనుచున్నారు. ఇటీవల ఒక సభ్యుడు మా కార్యాలయమునకు వచ్చి తన చిక్కును విన్నవించెను. యంత్రమును అమర్చియిచ్చిన దుకాణపు కుర్రవాడు ఊరు విడిచిపోయెను, జాడ తెలియలేదు. లెక్కలు తెరపై కనబడుచున్నవి గాని, క్రొత్త ప్రోగ్రాము నెక్కింపబోయినచో అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు ఇమ్మని యంత్రము అడుగుచున్నది. వేరొక మరమ్మతుదారు అంతయు తుడిచివేయుట తప్ప గతిలేదనెను. “పెట్టె నాది, తాళపుచెవి యొరులది; అయిదేండ్ల లెక్కలు పోవలసినదేనా?” అని ఆ సభ్యుడు వాపోయెను. ఇట్టి యిక్కట్టు పలువురికి కలుగునది గావున, విండోసుతో నడచు కంప్యూటర్లలో దీనిని తీర్చుకొను విధమును ఇచట వివరించుచున్నాము.

విండోసులో ఖాతాలు రెండు విధములు. స్టాండర్డు ఖాతా గలవాడు కౌలుదారువంటివాడు. దున్నుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, గట్లు మార్చుటకు మాత్రము హక్కు లేదు. అడ్మినిస్ట్రేటరు పట్టాదారు. యంత్రమును మొదట అమర్చునపుడు తెరచిన ఖాతాకే ఈ హక్కు చెందును. అమర్చినవాడు తన పేర ఖాతా తెరచుకొని, కొన్నవానికి స్టాండర్డు ఖాతా నిచ్చిపోయినచో, సొమ్ము పెట్టినవాడు కౌలుదారుగా మిగులును. మన హక్కేదియో తెలియుటకు సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’ అను భాగమున ‘యువర్ ఇన్ఫో’ తెరచి చూడవలెను. పేరు క్రింద అడ్మినిస్ట్రేటరు అని లేనిచో హక్కు లేదని యర్థము.

అట్లు తేలినపుడు తొందరపడరాదు. గాదె బాగుచేయుటకు ముందు గింజలను తీసి పదిలపరచవలెను గదా! స్టాండర్డు ఖాతాదారుడైనను తన ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి నకలు తీసికొనవచ్చును. దానికి అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అక్కరలేదు. ఆ నకళ్లను వేరొక యంత్రమున తెరచి సరిచూచుకొనవలెను. అడంగలు, 1-బి నకళ్లు ప్రభుత్వ పోర్టలునుండి మరల పొందవచ్చును. మనము వ్రాసికొన్న జమాఖర్చు మాత్రము మరెచ్చటను దొరకదు.

పిదప సులభోపాయము మొదలుకొని వరుసగా ప్రయత్నింపవలెను.

మొదటిది: ఇంటిలో మరియొకరికి అడ్మినిస్ట్రేటరు ఖాతా యున్నదేమో విచారింపవలెను. ఉన్నచో వారు తమ ఖాతాలో ప్రవేశించి, ‘అకౌంట్స్’ క్రింద ‘అదర్ యూజర్స్’లో మన పేరును ఎన్నుకొని, ‘చేంజ్ అకౌంట్ టైప్’ ద్వారా మనలను అడ్మినిస్ట్రేటరుగా మార్చిన చాలును. అమర్చినవాడు ఫోనులో దొరికినను ఇట్లే చేయించుకొనవచ్చును.

రెండవది: ఖాతా మనదే యైనను పాస్‌వర్డు మరచియుండవచ్చును. అది మైక్రోసాఫ్టు ఖాతా యైనచో, సెల్‌ఫోనునుండి ఆ సంస్థ వెబ్‌సైటున క్రొత్త పాస్‌వర్డు పెట్టుకొనవచ్చును. ముందుగా నమోదు చేసిన ఫోనునకో ఈమెయిలునకో సంకేతసంఖ్య వచ్చును. యంత్రమునకే పరిమితమైన ఖాతా యైనచో, తప్పు పాస్‌వర్డు వ్రాసిన పిదప ‘రీసెట్ పాస్‌వర్డ్’ అని కనబడును. లోగడ పెట్టుకొన్న మూడు ప్రశ్నలకు సరియైన జవాబులు వ్రాసినచో తలుపు తెరచుకొనును.

మూడవది: యంత్రమున అడ్మినిస్ట్రేటరు ఖాతా యొక్కటియు మిగులనప్పటి మార్గము. విండోసులో ‘అడ్మినిస్ట్రేటర్’ అను పేరనే ఒక ఖాతా మొదటినుండియు నిద్రాణమై యుండును. ఇతర అడ్మినిస్ట్రేటరెవ్వరును లేనపుడు అది సేఫ్ మోడ్‌లో అక్కరకు వచ్చును. షిఫ్టు మీటను నొక్కిపట్టి రీస్టార్టు చేసి, వరుసగా ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ ఎన్నుకొని, మరల రీస్టార్టు చేసి 4వ అంకెను నొక్కవలెను. అచట ఆ ఖాతా కనబడినచో దానిలో ప్రవేశించి మన ఖాతాకు హక్కు నిచ్చుకొనవలెను.

ఈ దారిలో కొన్ని యంత్రములు బిట్‌లాకర్ అను తాళమునకు చెందిన 48 అంకెల సంఖ్యను అడుగును. తరచుగా అది యంత్రమును అమర్చినవారి మైక్రోసాఫ్టు ఖాతాలో దాచబడియుండును. ఆ సంఖ్య లేనిచో లోపలి ఫైళ్లను ఎట్టి మరమ్మతుదారుడును తెరువజాలడు. ముందుగా నకళ్లు తీయుమని మేము నొక్కిచెప్పుట ఇందువలననే.

నాలుగవది, కడపటిది: ‘రీసెట్ దిస్ పీసీ’. ఫైళ్లనుంచి తక్కినది సరిచేయు పద్ధతి, ట్రబుల్‌షూట్ తెరనుండి చేయునపుడు, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు కోరును. అది లేనివారికి మిగులునది అంతయు తుడిచి క్రొత్తగా అమర్చు పద్ధతియే. మన సభ్యునికి ఇదియే శరణ్యమైనది. దుకాణపువాని ఖాతా యంత్రమున ఇంకను సజీవముగా నుండుటచే మూడవ మార్గము పనికిరాలేదు. అయినను ముందే నకళ్లు తీసియుండుటవలన లెక్కలన్నియు మరల చేరినవి. ప్రోగ్రాములను మాత్రము మరల ఎక్కించుకొనవలసివచ్చెను.

ఈ కష్టకాలముననే మోసగాండ్రు పొంచియుందురు. ‘మేము కంప్యూటరు కంపెనీవారము, మీ తెరను మాకు చూపుడు’ అని ఫోను చేయువారిని నమ్మరాదు. ఓటీపీ ఎవ్వరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఇక ముందు జాగ్రత్త. యంత్రమును కొన్ననాడు మొదటి ఖాతాను మన పేర, మన ఫోను సంఖ్యతోనే తెరవవలెను. ఇంటిలో నమ్మదగిన మరియొకరి పేర రెండవ అడ్మినిస్ట్రేటరు ఖాతా నుంచవలెను. దినదినము పనికి స్టాండర్డు ఖాతాను వాడుట క్షేమము. పొరపాటున హానికరమైన ప్రోగ్రాము వచ్చినను దాని విజృంభణ తగ్గును. పాస్‌వర్డును, ఆ 48 అంకెల సంఖ్యను కాగితముపై వ్రాసి పట్టాదారు పాసుపుస్తకముతో కలిపి దాచవలెను. మారు తాళపుచెవి లేని పెట్టెలో ధనముంచు రైతు మనలో లేడు. లెక్కలును ధనమే యని సభ్యులు గ్రహింతురుగాక.