ఉద్యోగుల మధ్య అనుభవ జ్ఞానం పంచుకోవడం

కర్మాగారంలో 30 ఏళ్లు పనిచేసిన ఒక ఫిట్టరును ఊహించుకోండి. యంత్రం శబ్దం వినగానే ఏ బేరింగు అరిగిందో ఆయన చెప్పగలరు. ఈ విషయం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆయన పదవీ విరమణ చేస్తే ఆ జ్ఞానం కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

మరి తెలిసినవారు ముందే ఇతరులకు ఎందుకు చెప్పరు? చెబితే తమ విలువ తగ్గుతుందని కొందరి భయం. తమ పొరపాట్లు బయటపడతాయని మరికొందరి సంకోచం. చాలామందికి చెప్పే సమయం, సందర్భం దొరకవు. ఉత్తర్వు జారీ చేసినంత మాత్రాన ఈ అడ్డంకులు తొలగవు.

వీటిని తొలగించే పద్ధతుల్లో ఒకటి క్వాలిటీ సర్కిల్, అంటే నాణ్యతా వలయం. ఇది 1962లో జపాన్‌లో మొదలైంది. మన దేశంలో తొలిసారిగా 1980లో హైదరాబాదు దగ్గరి రామచంద్రాపురంలో, భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారంలో ప్రవేశపెట్టారు.

ఇది ఎలా పనిచేస్తుంది? ఒకే విభాగంలోని 6 నుంచి 10 మంది ఇష్టపూర్వకంగా బృందంగా ఏర్పడతారు. సాధారణంగా వారానికి ఒక గంట, పని వేళల్లోనే సమావేశమవుతారు. అందువల్ల సమయం దొరుకుతుంది. తప్పు ఎవరిదని కాక, కారణం ఏమిటని చర్చిస్తారు. అందువల్ల సంకోచం తగ్గుతుంది. పరిష్కారాన్ని సభ్యులే యాజమాన్యానికి వివరిస్తారు. అందువల్ల చెప్పినవారి విలువ పెరుగుతుంది.

అయితే సలహాలను యాజమాన్యం పట్టించుకోకపోతే సభ్యులు మళ్లీ నోరు విప్పరని గుర్తుంచుకోండి.

ఆలోచించండి: మీరు పనిచేసే చోట ఒక్కరికే తెలిసిన పని ఏది? వారు రేపు రాకపోతే ఏమవుతుంది?