ఎండాకు తెగులు – వరి కణంలో దొంగ తాళపుచెవి

రియాద్‌లో ఉన్నా, జెద్దాలో ఉన్నా, సన్నబియ్యపు అన్నం లేనిదే మనకు భోజనం పూర్తి అయినట్లు ఉండదు. సన్నాలలో పేరెన్నికగన్నది 1986లో బాపట్ల నుండి వెలువడిన సాంబ మసూరి. రైతుల నోట బి.పి.టి. 5204. రుచిలో దీనికి సాటి తక్కువ. కాని బాక్టీరియా ఎండాకు తెగులుకు ఇది ఇట్టే లొంగిపోతుంది.

ఈ తెగులుకు కారణం జాంథోమోనాస్ ఒరైజే అనే సూక్ష్మజీవి. ఆకు అంచులలోని నీటి రంధ్రాల గుండా, గాలివానకు చిరిగిన గాయాల గుండా ప్రవేశించి, నీటిని మోసే దారునాళాలలో కాపురం పెడుతుంది. ఆకు కొన నుండి అంచుల వెంబడి అలలవలె పసుపు దిగి, ఆకు ఎండిపోతుంది. తెగులు సోకిన ఆకును కోసి గ్లాసెడు నీటిలో నిలిపితే పాలవంటి ధార దిగడం కంటికే కనిపిస్తుంది. అది సూక్ష్మజీవుల ప్రవాహమే! రసాయనిక మందులు దీనిపై అంతగా పనిచేయవు.

నాళంలో దాగిన శత్రువుకు ప్రక్కనున్న కణం ఆహారమెందుకు పెడుతుంది? కుతంత్రమంతా ఇక్కడే ఉన్నది. బాక్టీరియా తన సూదివంటి గొట్టం ద్వారా కొన్ని ప్రోటీన్లను వరి కణంలోనికి ఎక్కిస్తుంది. వానిలో 'టాల్' కుటుంబానికి చెందినవి కేంద్రకంలోనికి చొరబడి, డి.ఎన్.ఎ. అక్షరాలను చదువుకొని మరీ తమ పీఠంపై కూర్చుంటాయి. అంతట 'స్వీట్' అనే జన్యువు మేల్కొంటుంది (పేరు ఎంత చక్కగా కుదిరినది!). అది తయారుచేసేది చక్కెరను కణం వెలుపలికి పంపే ద్వారం. వరి తన శత్రువుకు తానే వడ్డిస్తుందన్నమాట.

ఆ జన్యువును తొలగిస్తే సరిపోదా? సరిపోదు. వీనిలో స్వీట్ 11 పుప్పొడి ఎదుగుదలకు అవసరం. అది కుంటుపడితే గింజ కట్టదు. కొన్ని వరి రకాలలో ప్రకృతి ఒక ఉపాయం పన్నినది: జన్యువు పదిలం, టాల్ కూర్చునే పీఠం మాత్రం మారినది. ఎక్స్‌ఏ 13 అనే నిరోధక గుణం ఇదే. ఎక్స్‌ఏ 5లో టాల్ ఆసరాగా పట్టుకొనే ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లం మారినది. ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చిన ఎక్స్‌ఏ 21 బాక్టీరియాను వాకిటనే గుర్తుపట్టే కావలివాడు. ఒక్కొక్క కాపలాను ఛేదించగల బాక్టీరియా రకాలు ఉన్నందున, హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయం కలసి మూడింటినీ సంకరణం ద్వారానే సాంబ మసూరిలో చేర్చాయి. ఆ మెరుగైన రకం 2008లో విడుదలైనది.

టాల్ ప్రోటీన్లు డి.ఎన్.ఎ.ను చదివే లిపి 2009లో బయటపడినది. దాని ఆధారంగా, జెద్దాకు ఉత్తరాన తువల్‌లోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు టాల్‌కు కత్తెరవంటి ఎంజైమును జోడించి, కోరిన చోట డి.ఎన్.ఎ.ను తెంచే సాధనాన్ని 2011లో ప్రకటించారు. మరుసటి ఏడు అమెరికాలో అటువంటి కత్తెరతోనే స్వీట్ 14 వద్దనున్న పీఠాన్ని చెరిపి, ఎండాకు తెగులును తట్టుకొనే వరిని రూపొందించారు.